విజయవాడ అద్దె సైకిళ్ళు: సైకిలు బాగుంది, స్టాండు ఉండాల్సిన చోట కారు ఉంది

విజయవాడలో యాప్ సాయంతో ఒక స్టాండులో తీసుకుని మరొక స్టాండులో అప్పగించే అద్దె సైకిళ్ళను గత వర్షాకాలం నుంచి వాడుతున్నాను. ఇల్లు సత్యనారాయణపురంలో, ఉద్యోగం గవర్నర్‌పేటలో కావడం వల్ల ఆదివారం కృష్ణ ఒడ్డున సరదాగా తిరిగి రావడానికి కాక, రోజూ వేళకు పనికి చేరడానికి ఈ సేవను నమ్ముకోవచ్చా అన్న దృష్టితోనే దీన్ని పరిశీలించాను. నిర్వహిస్తున్న సంస్థ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాలలో ఎక్కువ భాగం రేపు మరో సంస్థ వచ్చి నడిపినా ఇవే వీధుల్లో ఎదురయ్యేవి. వాటిని సరిదిద్దే అధికారం కూడా ఏ సైకిళ్ళ సంస్థ చేతిలోనూ లేదు.

ముందుగా సైకిలు గురించి. చట్రం బరువైనదే అయినా గట్టిగా ఉంటుంది. నడిమి కడ్డీ బాగా కిందికి వంగి ఉండటం, చైనుకు పూర్తి కప్పు ఉండటం వల్ల చీర కట్టుకున్నవారు, పంచె కట్టుకున్నవారు కూడా భయం లేకుండా ఎక్కి తొక్కవచ్చు. సీటు ఎత్తును పానా లేకుండా చేత్తోనే మార్చుకోవచ్చు, ముందు బుట్టలో టిఫిన్ క్యారియరూ ఒక చేతిసంచీ హాయిగా పడతాయి. టైర్లు గాలి అవసరం లేని గట్టి రబ్బరువి కావడంతో పంక్చరు బెడద లేదు గాని, గతుకు వచ్చినప్పుడల్లా ఆ కుదుపు నడుముకు తెలుస్తుంది. గేర్లు లేవు. ఊరు చాలావరకు చదునైనది కాబట్టి ఆ లోటు కాలువల మీది వంతెనలు ఎక్కేటప్పుడు తప్ప అనిపించదు. బ్రేకుల సంగతి మాత్రం సైకిలును బట్టి మారుతుంది. తీసుకునే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూసుకోవడం అవసరం. యాప్ సులువుగానే పనిచేస్తుంది. కోడ్ స్కాన్ చేయగానే లాకు విడుతుంది, డబ్బు యూపీఐ ద్వారా కట్టవచ్చు, షేర్ ఆటోలో మనిషికి తీసుకునే చార్జీకి అటూ ఇటూగా ఖర్చవుతుంది, నెల పాస్ తీసుకుంటే ఇంకా తగ్గుతుంది. ఇంతవరకు ఫిర్యాదు చేయదగినది పెద్దగా ఏమీ లేదు.

అసలు సమస్య సైకిలు తీసుకునే చోటా, అప్పగించే చోటా ఉంది. మన ఊళ్ళలో ఒకప్పుడు వీధివీధికీ ఉన్న అద్దె సైకిలు షాపుల వద్ద గంటకు ఇంత అని సైకిలు తీసుకుని, తిరిగి అదే షాపుకు తెచ్చి ఇచ్చేవారు. షాపు ముందు కొద్దిపాటి జాగా ఉంటే ఆ వ్యాపారానికి సరిపోయేది. ఇప్పటి సేవ అందుకు పూర్తిగా భిన్నమైనది. తీసుకునే చోట సైకిలు ఉండాలి, దిగే చోట సైకిలును తగిలించడానికి ఖాళీ లాకు ఉండాలి, ఈ రెండు చోట్లూ మనం నిజంగా వెళ్ళవలసిన స్థలాలకు నాలుగైదు నిమిషాల నడకలోనే ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఎంత మంచి సైకిలైనా ఉపయోగపడదు. కాబట్టి ఈ సేవ నాణ్యతను నిర్ణయించేది నగరం దానికి ఎక్కడ, ఎంత వీధి స్థలం ఇచ్చిందన్నదే.

విజయవాడలో ఆ స్థలం ఇచ్చిన తీరు చూస్తే, ప్రయాణికులు ఎక్కడెక్కడ దిగుతారన్నది కాక, ఏ చోట స్టాండు పెడితే ఎవరూ అభ్యంతరం చెప్పరన్నదే కొలతగా తీసుకున్నట్టు కనిపిస్తుంది. పార్కు ప్రహరీ వెంట, ప్రభుత్వ కార్యాలయం గోడ పక్కన, ఫ్లైఓవర్ కింద, ఎవరూ కారు నిలపడానికి ఇష్టపడని మూలల్లో స్టాండ్లు వచ్చాయి. ఏలూరు రోడ్డులో దుకాణాల వరుస మధ్యన, లెనిన్ సెంటర్ పరిసరాల్లో, గవర్నర్‌పేట లోపలి వీధుల్లో, అంటే మనుషులు నిజంగా దిగే చోట్ల, స్టాండు లేదు. ఫలితంగా నేను సైకిలు అప్పగించాక ఆఫీసుకు నడిచే దూరం, సైకిలు లేకుండా ఇంటి నుంచి ఆటో ఎక్కే చోటుకు నడిచే దూరం కన్నా ఎక్కువ. దీనికి కాలువలు కూడా తోడవుతాయి. యాప్‌లోని మ్యాపులో స్టాండు పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది, తీరా చూస్తే అది ఏలూరు కాలువకో బందరు కాలువకో అవతలి గట్టున ఉంటుంది, దగ్గరలోని వంతెన దాకా వెళ్ళి చుట్టి రావలసి వస్తుంది. ఈ ఊళ్ళో స్టాండ్ల మధ్య దూరాన్ని మ్యాపు మీద గీత గీసి కాక, వంతెనలను లెక్కలోకి తీసుకుని కొలవాలి.

పారిస్ నగరంలో 2007 జూలైలో ఇలాంటి అద్దె సైకిళ్ళ సేవను వెలిబ్ పేరుతో మొదలుపెట్టినప్పుడు ఒక్కసారిగా దాదాపు 750 స్టాండ్లు తెరిచారు. ఒకదానికొకటి సుమారు 300 మీటర్ల దూరంలో ఉండేలా చూశారు. అందుకోసం అనేక వీధుల్లో అంతవరకు కార్లు నిలిపిన జాగాలను తీసుకున్నారు. న్యూయార్క్‌లో 2013 మే నెలలో సిటీ బైక్ అనే ఇదే తరహా సేవ ప్రారంభమైనప్పుడు తమ ఇంటి ముందు కారు జాగా పోయిందని నివాసులు సభల్లో గొడవ పడ్డారు, కొందరు కోర్టుకూ వెళ్ళారు. అయినా అక్కడ ఎన్నో స్టాండ్లు ఫుట్‌పాత్ మీద కాక రోడ్డు అంచున, కార్లు ఆగే వరుసలోనే నిలిచాయి. మనకు దగ్గరి ఉదాహరణ మైసూరు. అక్కడ 2017 జూన్‌లో ట్రిన్ ట్రిన్ పేరుతో సుమారు 450 సైకిళ్ళు, 48 స్టాండ్లతో సేవ మొదలైంది. మైసూరు విశాలమైన రోడ్లు మన వన్‌టౌన్‌లో లేవన్నది నిజమే. కాని జాగా ఇరుకైన కొద్దీ దాన్ని ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం మరింత ఆలోచించి తీసుకోవాలి తప్ప, ముందు వచ్చి ఆగిన కారుకే అది చెందుతుందని వదిలేయకూడదు.

లెక్క చూద్దాం. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం ఒక కారు నిలపడానికి 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు గల జాగా కేటాయించాలి. అదే జాగాలో సైకిళ్ళను రోడ్డుకు అడ్డంగా, ఒక్కోదానికి 60 సెంటీమీటర్ల చొప్పున నిలిపితే ఎనిమిది పడతాయి. పొడవులోనూ అవి ఆ జాగా హద్దు దాటి బయటికి రావు. అంటే ఒక వీధిలో రెండు కార్ల జాగా ఇస్తే పదహారు లాకుల స్టాండు వస్తుంది. ఉదయం వచ్చిన సైకిలు మధ్యాహ్నం ఇంకొకరితో వెళ్ళిపోతుంది, సాయంత్రం మరొకటి వచ్చి అదే లాకులో చేరుతుంది కాబట్టి, ఆ రెండు కార్ల జాగా ఒక్క రోజులో వీధికి తీసుకువచ్చే మనుషుల సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది.

దుకాణదారుల అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. కారు ఆపే చోటు లేకపోతే కొనుగోలుదారు బెంజ్ సర్కిల్ వైపు మాల్‌కు వెళ్ళిపోతాడన్న వారి భయం అర్థం చేసుకోదగినదే. కాని ఏలూరు రోడ్డులో ఒక వరుసను కొంతకాలం గమనించినవారికి ఒక విషయం తెలుస్తుంది. షట్టర్ ఎత్తే వేళకు వచ్చి షట్టర్ దించే దాకా కదలని కార్లలో చాలావరకు కొనుగోలుదారులవి కావు; దుకాణ యజమానులవి, పై అంతస్తుల ఆఫీసులవారివి. పట్టుచీర కొనడానికి కుటుంబంతో వచ్చినవారు ఆ జాగా దొరకక రెండు వీధులు తిరిగి, చివరకు ఎక్కడో నో పార్కింగ్ బోర్డు కింద ఆపి, టోయింగ్ బండి వస్తుందేమోనని కంగారుపడుతూ బేరమాడతారు. వీధి పార్కింగ్ గంటల లెక్కన రుసుముతో నడిస్తే ఆ కార్లలో కొన్ని కదులుతాయి, జాగా నిజమైన కొనుగోలుదారుకు దొరుకుతుంది, స్టాండుకు ఇచ్చిన జాగా వల్ల ఎవరికీ నష్టం ఉండదు. ఇది నా సొంత ఊహ కాదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే రోడ్డు స్థలాన్ని వాహనాలను కాక మనుషులను దృష్టిలో పెట్టుకుని పంచాలనీ, పార్కింగ్ రుసుము ఆ జాగా అసలు విలువకు తగ్గట్టు ఉండాలనీ చెప్పింది. పైగా పార్కింగ్ కోసమని ప్లానులో చూపించిన సెల్లార్లు ఎన్నో చోట్ల గోదాములుగా, దుకాణాలుగా మారిపోయాయి. ఆ సెల్లార్లు తిరిగి కార్లకు తెరుచుకుంటే, రోడ్డు మీద సైకిళ్ళకు రెండు జాగాలు ఇవ్వడం గురించి ఇంత వాదన అవసరం ఉండదు.

అయితే మన ఊళ్ళో పోటీ కారుకూ సైకిలుకూ మధ్యనే కాదు. ఇప్పుడున్న స్టాండ్లకు అసలు ఇబ్బంది స్కూటర్లు, మోటారు సైకిళ్ళ వల్ల వస్తోంది. స్టాండు ముందు రెండు వరుసలుగా బళ్ళు నిలిపి హ్యాండిల్ లాకు వేసి వెళ్ళిపోతే, యాప్ ఆరు సైకిళ్ళు ఉన్నాయని చూపిస్తుంది, లాకు కూడా విడుతుంది, కాని సైకిలు బయటికి రాదు. అప్పగించే వేళ ఇంకా కష్టం. ఖాళీ లాకు కళ్ళెదుట ఉన్నా దాని దాకా సైకిలును తోసుకువెళ్ళే దారి ఉండదు, అంతసేపూ అద్దె లెక్క నడుస్తూనే ఉంటుంది. ఇలాంటప్పుడు ఫొటో తీసి పంపితే కస్టమర్ కేర్ వారు ఆ అదనపు సొమ్ము వాపసు చేస్తున్నారు. ఆ మేరకు వారిని మెచ్చుకోవాలి. స్టాండుకు ఇరువైపులా నడుము ఎత్తు ఇనుప గొట్టాలు పాతి, ముందు పసుపు గీతలు వేసి, పక్కనే ద్విచక్ర వాహనాలకు వేరే గడి గుర్తిస్తే ఈ ఇబ్బందిలో సగం తీరుతుంది. స్కూటరుకు చోటు చూపకుండా స్కూటరు నిలపవద్దని బోర్డు పెడితే ఆ బోర్డును ఎవరూ పట్టించుకోరు.

సైకిళ్ళను ఒక స్టాండు నుంచి మరొక స్టాండుకు చేరవేసే ట్రాలీ ఆటోకూ ఇదే ఇబ్బంది. ఉదయం సత్యనారాయణపురం, గాంధీనగరం వైపు స్టాండ్లు ఖాళీ అవుతాయి, రైల్వే స్టేషను, బస్టాండు వైపు స్టాండ్లు నిండిపోతాయి. సాయంత్రం ఇది తలకిందులవుతుంది. ఆ ట్రాలీ సరిగ్గా ఆ రద్దీ వేళలోనే వచ్చి పది నిమిషాలు ఆగి సైకిళ్ళు ఎక్కించాలి, దించాలి. దానికే ఆగే చోటు లేకపోవడం వల్ల డ్రైవరు స్టాండును దాటి వెళ్ళిపోవడం నేను చూశాను. అంటే స్టాండు పక్కన సామాను ఎక్కించే దించే జాగా కూడా ఒకటి గుర్తించాలి, అది మిగిలిన వేళల్లో దుకాణాల సరుకు బళ్ళకు ఉపయోగపడుతుంది. చేరవేత భారాన్ని కొంత వాడకందార్ల మీదకు మార్చే పద్ధతులు కూడా ఉన్నాయి. పారిస్‌లో గుట్టల మీది స్టాండ్లలో సైకిలు అప్పగించినవారికి 15 నిమిషాల అదనపు సమయం ఇచ్చారు. న్యూయార్క్‌లో నిండిన స్టాండు నుంచి ఖాళీ స్టాండుకు సైకిలు చేర్చినవారికి పాయింట్లు ఇస్తారు. సాయంత్రం బస్టాండు నుంచి ఎదురు దిశలో సైకిలు తీసుకువెళ్ళేవారికి ఇక్కడి సంస్థ పాస్ గడువులో ఒక రోజు కలిపినా చాలు, నాలాంటివారు ఎందరో ఆ పని సంతోషంగా చేస్తారు.

అన్ని వీధులకూ ఒకే సూత్రం పనికిరాదన్నది కూడా చెప్పాలి. సూర్యారావుపేటలో ఆసుపత్రి గుమ్మాల ముందు కారు జాగా తీసి సైకిలు స్టాండు పెట్టమని నేను అడగను. కాలు విరిగిన మనిషిని దింపడానికి వచ్చిన కారు అక్కడ ఆగవలసిందే, అంబులెన్సుకు దారి ఉండవలసిందే. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల తెల్లవారుజామున సరుకు దింపే బళ్ళకే మొదటి హక్కు. బీసెంట్ రోడ్డు సంగతి వేరు. అక్కడ నడిచేవారూ చిరువ్యాపారులూ కిక్కిరిసి ఉంటారు, లోపలికి ఏ వాహనమూ వెళ్ళకపోవడమే మేలు. కాబట్టి రెండు చివర్లా, ఏలూరు రోడ్డు వైపు ఒకటి, బందరు రోడ్డు వైపు వెళ్ళే దారిలో ఒకటి, పెద్ద స్టాండ్లు ఉంటే ఆ వీధికి ఎంతో మేలు జరుగుతుంది. స్టాండ్ల కోసం ఫుట్‌పాత్‌ను గాని, తోపుడు బండ్ల చోటును గాని తీసుకోవడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. వీధి విక్రేతలకు 2014 నాటి చట్టం రక్షణ కల్పించింది. వారిని కదిలించడం కారును కదిలించడం కన్నా సులువని అటువైపు చూడటం అన్యాయం. ఇప్పటికే ఒకటి రెండు చోట్ల స్టాండు ఫుట్‌పాత్‌ను పూర్తిగా ఆక్రమించడంతో నడిచేవారు రోడ్డు మీదకు దిగుతున్నారు. సైకిలు వాడేవాడిగా నేను ఆ స్టాండ్లను సమర్థించలేను.

కారు జాగా ఒక్కటి కూడా తీసుకోకుండా స్టాండు పెట్టగల చోటు ఒకటి ఉంది, అది వీధి మలుపు. మలుపు దగ్గర కారు ఆపకూడదని నిబంధన ఎప్పటి నుంచో ఉంది, ఎందుకంటే ఆగి ఉన్న కారు వెనుక నుంచి రోడ్డు దాటడానికి వచ్చే మనిషి ఎదురుగా వచ్చే డ్రైవరుకు కనపడడు. ఆ నిబంధనను పాటించేవారు తక్కువ. అదే చోట మలుపుకు కొంచెం వెనుకగా నడుము ఎత్తు దాటని సైకిళ్ళ వరుస ఉంటే, వాటి మీదుగా మనిషీ కనిపిస్తాడు, బండీ కనిపిస్తుంది, అక్కడ కారు ఆపే వీలూ ఉండదు. గవర్నర్‌పేట, గాంధీనగరాల్లో ప్రతి రెండు మూడు వీధులకు ఇలాంటి మలుపు దొరుకుతుంది. నగరపాలక సంస్థ, ట్రాఫిక్ పోలీసులు కలిసి ఒక రోజు తిరిగి గుర్తులు పెడితే ఈ పని మొదలవుతుంది. వాహనాలు నిలిపే చోట్లను స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించే అధికారాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 117వ సెక్షన్ ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన వారికీ ఇచ్చింది కాబట్టి చట్టం లేదన్న కారణమూ చెప్పడానికి లేదు.

ఎండ గురించి కూడా ఒక మాట. స్టాండు మీది సౌర పలకకు ఎండ కావాలి, సీటుకు నీడ కావాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఎండలో నిలిచిన సైకిలు హ్యాండిల్‌ను రుమాలు లేకుండా పట్టుకోలేము. పలకను పైకప్పుగా వేస్తే రెండూ కుదురుతాయి. ఈ సంస్థ మాత్రం పలకను ఒక స్తంభానికి తగిలించి ఊరుకుంది.

సత్యనారాయణపురం మీదుగా పాత రైలు మార్గం ఉన్న చోట, బస్సులకు వేరే వరుసతో వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు పరిసరాల్లో ఉండి, బస్టాండుకో రైల్వే స్టేషనుకో వెళ్ళేవారికి ఈ సేవను ఇప్పుడే ధైర్యంగా సూచిస్తాను. అటువైపు రోడ్డు విశాలమైనది, స్టాండ్ల ముందు కార్లు తక్కువ, ఉదయం ఎనిమిదిన్నర లోపు సైకిలు దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. మొగల్రాజపురం వైపు కాలేజీలకు వెళ్ళే విద్యార్థులకు కూడా పనికివస్తుంది, తిరుగు ప్రయాణం సాయంత్రం రద్దీకి ముందే పెట్టుకుంటే. వన్‌టౌన్‌లో పని ఉన్నవారు స్టాండ్లు పెరిగే దాకా ఆగడం మంచిది. దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ దారులు మళ్ళిస్తారు కాబట్టి ఆ రోజుల్లో అటువైపు స్టాండ్ల మీద ఆధారపడవద్దు. కట్టిన డిపాజిట్ వాపసు అడిగిన తరువాత వారం లోపే తిరిగి వస్తోంది, ఆ విషయంలో అనుమానం అవసరం లేదు. నెల పాస్‌కు డబ్బు కట్టే ముందు మాత్రం మీరు ఎక్కబోయే స్టాండునూ దిగబోయే స్టాండునూ పనిరోజు ఉదయం తొమ్మిదిన్నరకు ఒకసారి స్వయంగా చూసి రండి. యాప్ చూపించే సైకిళ్ళ సంఖ్య కన్నా, ఆ సైకిళ్ళ ముందు ఏ బళ్ళు ఆగి ఉన్నాయో చూసి నిర్ణయించుకోండి.